మందుల వల్ల ఆకలి పెరిగిన టీనేజ్ పిల్లలు: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

మానసిక సమస్యలకో, ఫిట్స్‌కో, కిడ్నీ జబ్బుకో మందులు మొదలుపెట్టాక జబ్బు నెమ్మదిస్తుంది, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. సరిగ్గా అప్పుడే కొందరు పిల్లలకు తీరని ఆకలి మొదలవుతుంది. నెల తిరిగేసరికి యూనిఫాం బిగుతవుతుంది. అలాంటి ఇళ్ళ కోసం రాసిన పేజీ ఇది. మీ పిల్లల మందుల గురించి చివరి మాట మాత్రం వాళ్ళను చూస్తున్న డాక్టరుదే.

మా వాడు భోంచేసిన అరగంటకే మళ్ళీ ఆకలంటున్నాడు. నిజంగా ఆకలేనా, తిండియావా?

నిజంగా ఆకలే. మానసిక సమస్యలకు ఇచ్చే ఓలాంజపిన్ లాంటి మందులు మెదడులో హిస్టమిన్ అనే రసాయనం పనిచేసే చోటును, సెరొటోనిన్ అనే ఇంకో రసాయనం పనిచేసే ఒక చోటును అడ్డుకుంటాయి. "ఇక చాలు, కడుపు నిండింది" అనే కబురు చాలావరకు ఆ దారుల్లోనే అందుతుంది. అది అందకపోతే నాలుగు చపాతీలు తిన్నా తిన్నట్టుండదు. సన్నగా ఉన్న పిల్లలకు ఆకలి పుట్టిస్తుందని మెడికల్ షాపుల్లో కొనే సైప్రోహెప్టడిన్ సిరప్ కూడా దాదాపు ఇదే దారిలో పనిచేస్తుంది. అక్కడ కావాలని తెచ్చుకునే ఆకలి, ఇక్కడ అడగకుండా వచ్చి పడుతోంది, అంతే తేడా.

కాబట్టి "కాస్త కంట్రోల్ చేసుకోరా" అనడం వల్ల ఉపయోగం లేదు. వాడికి సిగ్గు పెరుగుతుంది, ఆకలి తగ్గదు. మార్చగలిగినవి రెండే: మందుల సంగతి, వంటింటి సంగతి. ఈ పేజీలో మిగతాదంతా ఆ రెండింటి గురించే.

ఏ మందులతో ఇలా అవుతుంది?

అన్నింటికంటే ఎక్కువ ఓలాంజపిన్, క్లోజపిన్. వాటి తర్వాత క్వెటియపిన్, రిస్పెరిడోన్. అరిపిప్రజోల్, లురాసిడోన్‌లతో తక్కువ. అయితే పిల్లల్లో అరిపిప్రజోల్‌తో కూడా కొంత బరువు పెరుగుతుంది. ఫిట్స్‌కు, మూడ్ సమస్యలకు ఇచ్చే వాల్‌ప్రోయేట్, డిప్రెషన్‌కు ఇచ్చే మిర్టజపిన్, మూడ్ విపరీతంగా మారే జబ్బుకు ఇచ్చే లిథియం, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లు కూడా ఈ జాబితాలోవే. ఆటిజం ఉన్న పిల్లల్లో విపరీతమైన చిరాకు, కొట్టడం, కొట్టుకోవడం తగ్గించడానికి రిస్పెరిడోన్ బాగా వాడతారు కాబట్టి ఆ తల్లిదండ్రుల నుంచి ఈ ప్రశ్న ఎక్కువగా వస్తుంది.

అన్ని మందులూ ఇలా చేయవు. ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం) ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్, ఫిట్స్‌కు, మైగ్రేన్‌కు ఇచ్చే టొపిరమేట్ ఆకలిని తగ్గిస్తాయి. కనుక "మెంటల్ మందులన్నీ లావు చేస్తాయి" అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఎంత పెరుగుతారు? ఎక్కడో ఒకచోట ఆగుతుందా?

2009లో అమెరికాలో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఓలాంజపిన్, రిస్పెరిడోన్ రకం మందులు మొదటిసారి వాడుతున్న 4 నుంచి 19 ఏళ్ళ పిల్లలను సుమారు 11 వారాలు గమనించారు. సగటున ఓలాంజపిన్‌తో 8.5 కిలోలు, క్వెటియపిన్‌తో 6.1, రిస్పెరిడోన్‌తో 5.3, అరిపిప్రజోల్‌తో 4.4 కిలోలు పెరిగారు. మందు వాడని పిల్లలు అదే కాలంలో పెరిగింది 0.2 కిలో మాత్రమే. ఇవి సగటు లెక్కలు. మీ పిల్లలు ఇంతకంటే తక్కువా పెరగవచ్చు, ఎక్కువా పెరగవచ్చు.

ఈ అంకెల్లో చూడాల్సింది కిలోల కంటే వారాలను. బరువు మొదటి వారాల్లో, నెలల్లోనే వేగంగా పెరిగి తర్వాత నెమ్మదిస్తుంది. పది కిలోలు పెరిగాక డైటింగ్ మొదలుపెట్టే ఇళ్ళే ఎక్కువ. మందు మొదలైన వారమే ఇంట్లో తిండి మార్చుకుంటే పని సగం తేలికవుతుంది. వారానికోసారి, ఒకే రోజున, పొద్దున టిఫిన్‌కు ముందు బరువు చూసి రాసి పెట్టండి. రోజూ చూడొద్దు, ఇంటిల్లిపాదికీ టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

మందు ఆపేస్తే ఆకలి పోతుంది కదా?

పోవచ్చు, దానితో పాటు జబ్బు తిరిగి రావచ్చు. వాల్‌ప్రోయేట్ ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది. వారాల తరబడి వాడిన స్టెరాయిడ్ హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు, ఎందుకంటే ఆ సమయానికి శరీరం తన సొంత హార్మోన్ తయారీని దాదాపు ఆపేసి ఉంటుంది. సైకియాట్రీ మందులు ఆపితే నిద్ర చెడడం, భ్రమలు, కోపం మళ్ళీ మొదలవడం జరగవచ్చు.

ఇంకో సంగతి. తల్లిదండ్రులు మందు ఆపితే సాధారణంగా అది పిల్లలకు తెలిసే జరుగుతుంది. కానీ టీనేజ్ పిల్లలు చెప్పకుండా తామే ఆపేస్తారు, ముఖ్యంగా క్లాసులో ఎవరైనా ఒంటి మీద జోక్ వేసిన తర్వాత. టాబ్లెట్ నాలుక కింద దాచి తర్వాత ఉమ్మేస్తారు. "లావైపోతున్నానని బాధగా ఉందా? డాక్టర్‌తో కలిసి మాట్లాడదాం" అని ముందే మీరే అడిగేస్తే ఆ అవసరం చాలావరకు రాదు.

డాక్టర్‌ని ఏమని అడగాలి? ఓపీలో అయిదు నిమిషాలే దొరుకుతాయి.

బరువులు రాసిన కాగితం చేతికివ్వండి. "బాగా తింటున్నాడండీ" అంటే చాలామంది డాక్టర్లు సంతోషిస్తారు. "ఆరు వారాల్లో ఇంత పెరిగాడు" అంటే పెన్ను తీస్తారు. పిల్లలు మొదట ఉన్న బరువులో 5 శాతానికి మించి పెరిగితే మందు గురించి మళ్ళీ ఆలోచించాలన్నది డాక్టర్లకు చాలాకాలంగా తెలిసిన లెక్కే.

ఆ తర్వాత ఇవి అడగండి: డోసు తగ్గించే వీలుందా? ఆకలి తక్కువ పుట్టించే మందుకు మెల్లగా మార్చవచ్చా? రాత్రి వేసుకునే మందు వేళ మారిస్తే లాభముంటుందా? నిద్ర తెప్పించే మందు ఎనిమిదింటికే వేస్తే ఆకలి పదింటికి తెలుస్తుంది. పడుకునే ముందు వేస్తే ఆ గంటలు నిద్రలో గడిచిపోతాయి. ఇది అందరికీ కుదరదు, అందుకే అడిగి చేయాలి. మందు బాగా పనిచేస్తోంది, మార్చే ధైర్యం లేదంటారా, అప్పుడు మెట్‌ఫార్మిన్ గురించి అడగండి.

మెట్‌ఫార్మిన్ షుగర్ మందు కదా? షుగర్ లేని పిల్లలకు ఎందుకు?

షుగర్ మందే. కానీ ఈ రకం బరువును అదుపు చేయడానికి కూడా డాక్టర్లు వాడతారు. 6 నుంచి 17 ఏళ్ళ ఆటిజం పిల్లల మీద జరిగిన పరిశోధనలో కూడా ఉపయోగం కనబడింది. ఇది ఒక్కటే వాడితే ఒంట్లో షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. మొదట్లో వికారం, విరేచనాలు వస్తాయి కాబట్టి తక్కువ డోసుతో, తిన్న తర్వాత ఇస్తారు. దీనితో తగ్గేది కొద్ది కిలోలే, లేదా పెరుగుదల ఆగుతుంది. అద్భుతాలు ఆశించకండి. పక్కింటి వాళ్ళ షుగర్ టాబ్లెట్లు తెచ్చి వేయడం మాత్రం కూడదు, ముందు కిడ్నీ పరీక్ష చూసుకోవాలి.

ఈమధ్య అందరి నోటా వింటున్న బరువు తగ్గే ఇంజక్షన్ల గురించి కూడా అడుగుతున్నారు. మానసిక సమస్యకు మందులు వాడుతున్న పిల్లలకు అవి అవసరమా కాదా అన్నది సైకియాట్రిస్టు, ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) కలిసి తేల్చాల్సిన విషయం.

ఏ పరీక్షలు చేయించాలి?

మందు మొదలుపెట్టే ముందు ఎత్తు, బరువు, నడుము చుట్టుకొలత, బీపీ, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్. మూడు నెలలకు మళ్ళీ ఒకసారి, తర్వాత డాక్టరు చెప్పిన గడువుల్లో. ముందు చేయించకపోతే ఇప్పుడు చేయించండి. పిల్లల బీఎంఐని (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) పెద్దవాళ్ళ అంకెలతో పోల్చకూడదు. భారత పిల్లల వైద్యుల సంఘం 2015లో 5 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకు ఇచ్చిన ఎదుగుదల చార్టులు ఉన్నాయి, వాటిలో చూడమనండి.

రిస్పెరిడోన్ వాడే అమ్మాయిలకు నెలసరి ఆగినా, అబ్బాయిలకు ఛాతీ పెరిగినా సిగ్గుపడి దాచుకోనివ్వకండి. ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరగడం వల్ల అలా జరుగుతుంది. వాల్‌ప్రోయేట్ వాడే అమ్మాయిలకు నెలసరి తప్పుతుంటే అది కూడా డాక్టరుకు చెప్పాలి. ఆ మందు గర్భంలోని బిడ్డకు హాని చేస్తుంది కాబట్టి పెళ్ళీడుకు వచ్చే అమ్మాయిల విషయంలో వేరే మందు వీలవుతుందా అన్నది ముందుగానే మాట్లాడుకోవాలి.

మెడ వెనక నల్లగా అయింది. సున్నిపిండి పెట్టి రుద్దినా పోవడం లేదు.

అది మురికి కాదు, రుద్దకండి. మెడ మీద, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, ముఖమల్ గుడ్డలా అవుతోందంటే ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని సూచన. పరగడుపు షుగర్ చేయించండి. బరువు అదుపులోకి వస్తే నలుపు మెల్లగా తగ్గుతుంది.

అన్నం మానిపించి చపాతీ పెడితే సరిపోతుందా?

సరిపోదు. ఆకలి మీదున్న పిల్లవాడు ఆరు చపాతీలు తింటాడు, లెక్క అక్కడికే వస్తుంది. మార్చాల్సింది కంచంలో పాళ్ళు.

మన భోజనానికి ఒక క్రమం ఉంది: పప్పులో కొంత అన్నం, కూరలో కొంత, పులుసులోనో చారులోనో కొంత, చివర పెరుగన్నం. ప్రతి వాయికీ కొత్తగా అన్నం వడ్డిస్తాం. మామూలు ఆకలికి ఈ పద్ధతి ఎంతో బాగుంది. కడుపు నిండిన కబురే అందని పిల్లలకు మాత్రం ఇది నాలుగు భోజనాలు. అందుకని అన్నం అంతా ఒకేసారి కంచంలో పెట్టేయండి, ఆ ముద్దనే పప్పుకూ కూరకూ పంచుకోమనండి. గిన్నె బల్ల మీద పెట్టకుండా వంటింట్లోనే ఉంచండి. పెరుగు చివర్లో అన్నం లేకుండా గిన్నెలో ఇవ్వండి. పచ్చడి మానక్కర్లేదు గానీ ఆవకాయ, నెయ్యి కలిస్తే వేడన్నం మళ్ళీ అడగని వాళ్ళుండరు. దాన్ని ఆదివారానికి ఉంచుకోండి.

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రోజులో మనకందే శక్తిలో బియ్యం, గోధుమ, చిరుధాన్యాల వాటా 45 శాతం దాటకూడదు. మన ఇళ్ళలో అది సులువుగా దాటిపోతుంది. కంచంలో సగం కూరలు, ఆకుకూరలు ఉండాలి. వేపుడు కాకుండా ఇగురుగానో, పప్పులో వేసో, పులుసుగానో వండితే నూనె తగ్గుతుంది. పప్పు గట్టిగా ఉండాలి. గుడ్డు, చేప, కోడికూర తినే ఇళ్ళలో రోజూ ఏదో ఒకటి ఉంటే మంచిది, మాంసకృత్తులతో కడుపు ఎక్కువసేపు నిండినట్టుంటుంది. అన్నానికి ముందు కీరా ముక్కలో, ఓ గిన్నె చారో ఇవ్వండి.

పొద్దున ఉప్మా తిన్న పిల్లలకు పదింటికే ఆకలేస్తుంది. పెసరట్టయితే, లేదా రెండు ఇడ్లీలతో రెండు ఉడికించిన గుడ్లయితే మధ్యాహ్నం దాకా ఆగుతారు. ఉప్మా-పెసరట్టు గురించి నన్ను అడగొద్దు, అది పండక్కి తినేది.

ఎదిగే వయసు కాబట్టి పస్తులు పెట్టకండి. ఒక పూట ఆపితే ఆ ఆకలంతా తర్వాతి పూట మీద పడుతుంది.

స్కూలు నుంచి రాగానే దొరికింది దొరికినట్టు తినేస్తోంది.

రోజులో అన్నిటికంటే కష్టమైన వేళ అదే. ఆ సమయానికి ఏదో ఒకటి సిద్ధంగా ఉండాలి, వెతుక్కోనివ్వకూడదు. సెనగ గుగ్గిళ్ళు, ఉడికించిన అలసందలు, జామకాయ, మొలకలు, పల్చటి మజ్జిగ. రాగి జావ మజ్జిగతో అయితే మంచిదే, బెల్లం, పాలు, మాల్ట్ పొడి కలిపితే అదింకో టిఫిన్. వేరుశెనగలు గుప్పెడు చాలు. చిప్స్, మిక్చర్, బేకరీ పఫ్‌లు ఇంట్లో నిల్వ ఉంచొద్దు. తినాలనిపిస్తే బయటికెళ్ళి ఒక చిన్న ప్యాకెట్ కొనుక్కుని తినడమే నయం. ఇంటిల్లిపాదీ ఇదే పాటించాలి. నాన్న ముందు మిరపకాయ బజ్జీలు పెట్టి కూతురికి కీరా ఇస్తే ఆ ఇంట్లో ఏ పద్ధతీ నిలవదు.

దాహమని కూల్ డ్రింకులు తాగుతున్నాడు.

చాలా మందులతో నోరు ఎండిపోతుంది. 250 మిల్లీలీటర్ల కూల్ డ్రింకులో సుమారు 25 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే అయిదారు చెంచాలు. పైగా అది కడుపు నింపదు. ప్యాకెట్ పళ్ళ రసాలదీ అదే కథ. నీళ్ళు, మజ్జిగ, నిమ్మకాయ పిండిన నీళ్ళు చాలు.

లిథియం వాడే పిల్లలకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. బరువు తగ్గాలని ఉప్పు ఒక్కసారిగా తగ్గించినా, నీళ్ళు తక్కువ తాగినా, కఠిన ఉపవాసం ఉన్నా రక్తంలో లిథియం ప్రమాదకరంగా పెరగవచ్చు. చేతులు బాగా వణకడం, తూలడం, వాంతులు, విరేచనాలు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. శనివారం ఉపవాసమైనా, రంజాన్ ఉపవాసమైనా ముందు డాక్టర్‌ని అడిగే ఉండాలి.

రాత్రి లేచి ఫ్రిజ్ ఖాళీ చేస్తున్నాడు. వంటింటికి తాళం వేయాలా?

మామూలు టీనేజ్ పిల్లల విషయంలో నా సమాధానం వద్దనే. తాళం వేసిన ఇళ్ళలో మంచం కింద బిస్కెట్ కవర్లు దొరుకుతాయి, పర్సులో డబ్బులు తగ్గుతాయి, ఫోన్‌లో అర్ధరాత్రి ఆర్డర్లు మొదలవుతాయి. దానికంటే రాత్రికి ఇదీ అని ఒకటి ముందే అనుకుని పెట్టండి: ఒక గ్లాసు మజ్జిగ, ఒక పండు. మిగిలిన అన్నం, స్వీట్లు కంటికి కనబడకుండా ఉంచండి. తిండి ఆర్డర్ చేసే యాప్‌లో కార్డు వివరాలు తీసేయండి.

తీవ్రమైన ఆటిజం, మేధోపరమైన వైకల్యం ఉండి, పచ్చి పిండి, నూనె కూడా తినేసే పిల్లల సంగతి వేరు. అక్కడ తాళం భద్రత కోసం, దాని గురించి అపరాధభావం అక్కర్లేదు.

దాచుకుని ఒకేసారి విపరీతంగా తినడం, తిన్నాక ఏడవడం, కావాలని వాంతి చేసుకోవడం గమనిస్తే అది ఆకలి ఒక్కటే కాదు. డాక్టరుకు విడిగా చెప్పండి.

అమ్మమ్మ "ఇప్పుడే కాస్త ఒళ్ళు చేశాడు, తిననీ" అంటుంది. పెళ్ళిళ్ళలో అందరూ "ఏంటి ఇంత లావయ్యావ్" అంటారు.

అమ్మమ్మకు ఆ బరువు మందుదని, షుగర్ భయం ఉందని సూటిగా చెప్పండి. వడ్డించే పని ఆవిడకే ఇవ్వండి, కొలత మాత్రం మీది. చాలామంది పెద్దవాళ్ళు విషయం తెలిస్తే మనకంటే గట్టిగా నిలబడతారు. పెళ్ళిళ్ళలో మాటలకు ముందే మీరు అడ్డుపడి మాట మార్చండి. జబ్బు గురించి, మందు గురించి అక్కడ ఎవరికీ వివరణ ఇవ్వాల్సిన అవసరం లేదు.

ఇంటర్ హాస్టల్లో ఉంది. మేం ఏం చేయగలం?

ఇది నిజంగా కష్టమే. మెస్సులో అన్నం ఎంతయినా పెడతారు, కూర ఒక గరిటె. పొద్దున్నుంచి రాత్రి దాకా కుర్చీలోనే. వీలైతే మందు స్థిరపడే మొదటి కొన్ని నెలలు డే స్కాలర్‌గా ఉంచమని నా సలహా. అది కుదరకపోతే వార్డెన్‌కు డాక్టరు చీటీ చూపించి ఉడికించిన గుడ్లు, పెరుగు అదనంగా ఇచ్చేలా మాట్లాడండి. ఆదివారం వెళ్ళేటప్పుడు అరిసెలు, జంతికల డబ్బాల బదులు వేయించిన సెనగలు, పళ్ళు తీసుకెళ్ళండి. టాబ్లెట్లు ఎవరి దగ్గరుంటాయి, ఎవరు వేయిస్తారు అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి.

ఆటలు, వ్యాయామం?

ఈ వయసుకు రోజుకు సగటున గంటసేపు ఒళ్ళు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మందు మత్తులో ఉన్న పిల్లలను పొద్దున అయిదింటికి లేపి పరుగెత్తించే ప్రయత్నం రెండో రోజుకే ఆగిపోతుంది. సాయంత్రం పెట్టుకోండి. రాత్రి భోజనమయ్యాక ఇంట్లో ఒకరు తోడుగా పావుగంట నడిచినా మంచిదే. ఒళ్ళు బిగుసుకుపోయినట్టు, కాళ్ళు నిలవనట్టు ఉందంటే బద్ధకం అనుకోకండి, అదీ మందు ప్రభావం కావచ్చు.

బరువు తగ్గించే పొడులు, కషాయాలు వాడొచ్చా?

వద్దు. బరువు తగ్గిస్తుందని అమ్మే గార్సీనియా అనే కాయ సారం ఉన్న ఉత్పత్తులతో లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి. వాల్‌ప్రోయేట్ కూడా లివర్ మీద భారం వేసే మందే.

నెఫ్రోటిక్ సిండ్రోమ్‌కు (మూత్రంలో ప్రొటీన్ పోయే కిడ్నీ జబ్బు) స్టెరాయిడ్ ఇస్తున్నారు. ముఖం ఉబ్బింది. ఇదీ తిండి వల్లేనా?

పూర్తిగా కాదు. స్టెరాయిడ్ ఆకలి పెంచుతుంది, దానితో పాటు నీరు పట్టిస్తుంది, కొవ్వును ముఖానికి, పొట్టకు చేరుస్తుంది. డోసు తగ్గేకొద్దీ ఆకలీ తగ్గుతుంది, ముఖం కూడా మామూలవుతుంది. ఈ పిల్లలకు ఉప్పు తగ్గించమని డాక్టర్లు చెబుతారు కాబట్టి పచ్చళ్ళు, అప్పడాలు, చిప్స్ ఆపాలి. తిరిగి ఒక్కసారిగా వాపు వస్తే అది బరువు కాదు, జబ్బు తిరగబెట్టి ఉండవచ్చు. మూత్రంలో ప్రొటీన్ చూపించండి.

ఎప్పుడు ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి?

విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, బాగా తింటున్నా బరువు హఠాత్తుగా తగ్గడం. వీటికి వాంతులు, కడుపునొప్పి, గట్టిగా ఎగశ్వాస, మగత తోడైతే అదే రోజు, అదే గంట. షుగర్ విపరీతంగా పెరిగితే ఇలా అవుతుంది. వాడే మందుల చీటీ వెంట తీసుకెళ్ళండి.

మా ఊళ్ళో సైకియాట్రిస్ట్ లేరు. ఎవరిని అడగాలి?

14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ సేవ ఇది, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. మందు పేరు, డోసు, మొదలుపెట్టిన తేదీ, వారం వారం రాసిన బరువులు ముందు పెట్టుకుని మాట్లాడితే వాళ్ళకు సులువు. బరువు, బీపీ, షుగర్ చూపించడానికి మాత్రం పట్నం దాకా వెళ్ళక్కర్లేదు, దగ్గర్లో ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రం చాలు.